‘అండ్’ అంటే రెండూనా, ఏ ఒక్కటైనానా? అపార్ట్‌మెంట్ నోటీసు మీద పంచాయితీ

మూడో అంతస్తు (కూకట్‌పల్లి):

ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్ళు, లాయర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. వచ్చే ఆదివారం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ఎన్నికలు. లిఫ్ట్ పక్కన నోటీసు అంటించారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

“మెంబర్స్ హూ హావ్ నాట్ పెయిడ్ మెయింటెనెన్స్ అండ్ పార్కింగ్ చార్జెస్ షల్ నాట్ బి అలౌడ్ టు ఓట్.”

దాని కిందే తెలుగు: “మెయింటెనెన్స్ మరియు పార్కింగ్ చార్జీలు చెల్లించని సభ్యులు ఓటు వేయుటకు అనర్హులు.” చివర “ద సెక్రటరీ అండ్ ట్రెజరర్” అని ఉంది, ఒక్కటే సంతకం.

మెయింటెనెన్స్ నాకు ఒక్క నెల కూడా బాకీ లేదు. పార్కింగ్ చార్జీ మాత్రం కట్టలేదు. నాకు కారు లేదు, బైకు గేటు బయటే పెట్టుకుంటాను. లేని పార్కింగ్‌కి డబ్బులేంటని నా వాదన, అది వేరే సంగతి. ఇప్పుడు సెక్రటరీ గారు నాకు ఓటు లేదంటున్నారు. “అండ్ అని స్పష్టంగా రాశాం కదండీ, రెండూ కట్టి ఉండాలి” అంటారాయన. “అండ్ అని రాశారు కాబట్టే, రెండూ కట్టనివాళ్ళకే ఓటు లేదు” అంటాను నేను. ఇద్దరం ఒకే మాటని చూపించి కొట్లాడుకుంటున్నాం. ఎవరిది కరెక్ట్?


గ్రూప్స్ గురి (అశోక్‌నగర్):

మీదే కరెక్ట్ అన్నా. అండ్ అంటే రెండూ. రెండూ కట్టనివాడే అనర్హుడు. ఒకటి కట్టినవాడికి ఓటు ఉంది. ఇందులో చర్చ ఏముంది?


శేరిలింగంపల్లి సీతక్క:

చర్చ ఉంది తమ్ముడూ. రేపు పొద్దున ఆపరేషన్ అనగా ఈ రాత్రి నర్సు వచ్చి “పది దాటాక నో ఈటింగ్ అండ్ డ్రింకింగ్” అని చెప్పి వెళ్ళిందనుకో. నువ్వు ఏమీ తినకుండా ఒక గ్లాసు పాలు మాత్రం తాగి, పొద్దున్నే “అండ్ అన్నారు కదా సిస్టర్, నేను రెండూ చెయ్యలేదు” అంటే ఊరుకుంటారా? ఆపరేషన్ వాయిదా వేసి ఇంటికి పంపిస్తారు. అక్కడ అండ్ అంటే తినడమూ వద్దు, తాగడమూ వద్దు, ఏ ఒక్కటి చేసినా తప్పే.

సెక్రటరీ గారు నోటీసుని ఆ లెక్కన చదువుతున్నారు. నాకైతే ఆయన మాటలోనూ పాయింట్ కనిపిస్తోంది.


ట్యాంక్‌బండ్ మీద కబుర్లు:

అయితే “డోంట్ డ్రింక్ అండ్ డ్రైవ్” సంగతేంటక్కా? అక్కడ తాగడం ఒక్కటే తప్పు కాదు, నడపడం ఒక్కటే తప్పు కాదు. రెండూ కలిస్తేనే తప్పు. మీ నర్సు లెక్కన చదివితే ఊళ్ళో టీటోటలర్లు కూడా బండి తీయకూడదు 😄

వాక్యం కట్టుబడి చూస్తే అదే వద్దనడం, అదే ‘అండ్’. అర్థం మాత్రం పూర్తిగా వేరు.


శేరిలింగంపల్లి సీతక్క:

ఇది బాగుంది. నిజమే, నా దగ్గర వెంటనే జవాబు లేదు. లెక్కల మాస్టారు ఈ గుంపులోనే ఉన్నారనుకుంటా, ఆయన్ని పిలవండి ఎవరైనా.


లెక్కల మాస్టారు (దిల్‌సుఖ్‌నగర్):

పిలవకపోయినా వచ్చేవాణ్ణే.

మీరు వెతుకుతున్న గొడవ ‘అండ్’లో లేదు, ‘నాట్’లో ఉంది. ‘నాట్’ అనే మాట ఎంతవరకు కమ్ముకుంటుంది అన్నదే ప్రశ్న. రెండు రకాలుగా కమ్ముకోవచ్చు.

మొదటిది: ముందు ‘మెయింటెనెన్స్ అండ్ పార్కింగ్ కట్టడం’ అని ఒక ముద్ద చేసి, ఆ మొత్తానికి ‘నాట్’ పెట్టడం. అంటే ‘రెండూ కట్టాడు’ అన్న మాట అబద్ధమైన ప్రతివాడూ అనర్హుడు. ఒకటి కట్టి ఒకటి ఎగ్గొట్టినవాడి విషయంలో ‘రెండూ కట్టాడు’ అన్నది అబద్ధమే కదా. కాబట్టి అతనికి ఓటు లేదు. ఇది సెక్రటరీ గారి చదువు.

రెండోది: ‘నాట్’ని విడదీసి ఒక్కొక్కదానికీ పంచడం. మెయింటెనెన్స్ కట్టలేదు, పార్కింగూ కట్టలేదు, ఈ రెండూ నిజమైనవాడే అనర్హుడు. ఇది మీ చదువు. మీకు ఓటు ఉంది.

‘నాట్’ ఇలా కమ్ముకున్నప్పుడు ‘అండ్’, ‘ఆర్’ ఏమవుతాయో చెప్పేవే డి మోర్గన్ అనే గణితవేత్త పేరు మీద ఉన్న నియమాలు. ఇంటర్ పిల్లలకి సెట్స్ చెప్పేటప్పుడు రోజూ చెప్పేదే: ‘ఏ అండ్ బి’ కాదు అంటే, ‘ఏ కాదు ఆర్ బి కాదు’ అని. ‘ఏ ఆర్ బి’ కాదు అంటే, ‘ఏ కాదు అండ్ బి కాదు’ అని. ‘నాట్’ లోపలికి దూరగానే ‘అండ్’ కాస్తా ‘ఆర్’ అయి కూర్చుంటుంది, ‘ఆర్’ కాస్తా ‘అండ్’ అవుతుంది. గణితంలో బ్రాకెట్ పెడతాం కాబట్టి ఏ ‘నాట్’ ఎక్కడిదో తెలుస్తుంది. నోటీసు బోర్డు మీద బ్రాకెట్ ఎవరు పెడతారు?

మీ బిల్డింగ్‌లో రెండూ కట్టినవాళ్ళకి ఎలా చదివినా ఓటు ఉంది. రెండూ కట్టనివాళ్ళకి ఎలా చదివినా లేదు. గొడవంతా మీలా సగం కట్టినవాళ్ళ దగ్గరే.

అన్నట్టు డి మోర్గన్ పేరు చూసి మనకి సంబంధం లేని మనిషి అనుకోకండి. 1806లో ఆయన పుట్టింది మన మదురైలో. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉండేవాడు. పసివాడిగా ఉండగానే ఇంగ్లండ్ తీసుకెళ్ళిపోయారు. మా క్లాసులో ఇది చెప్తే పిల్లలు ఒక్క నిమిషం నిద్ర లేస్తారు.


గ్రూప్స్ గురి (అశోక్‌నగర్):

సార్, అంటే జవాబు రెండూ కరెక్ట్ అనా? ఎగ్జామ్‌లో అయితే ఈ ప్రశ్న డిలీట్ చేసి అందరికీ మార్కు కలపాలి.


మాధాపూర్ టెస్టర్:

మాస్టారు చెప్పింది మాకు రోజూ ఎదురయ్యే తలనొప్పే. ‘నాట్’ లేకుండా కూడా అండ్ మోసం చేస్తుంది చూడండి.

క్లయింట్ ఫోన్ చేసి “కూకట్‌పల్లి అండ్ మియాపూర్ కస్టమర్ల లిస్టు కావాలి” అంటాడు. కొత్తగా చేరిన పిల్లవాడు ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాషలో, ఏరియా ఈక్వల్ టు కూకట్‌పల్లి అండ్ ఏరియా ఈక్వల్ టు మియాపూర్ అని రాస్తాడు. లిస్టు ఖాళీగా వస్తుంది. ఒకే మనిషి ఇల్లు రెండు ఏరియాల్లో ఉండదు కదా. క్లయింట్ నోట్లో ‘అండ్’ అయినది కోడ్‌లో ‘ఆర్’ కావాలి.

ఇంకో తిప్పలు. ఏరియా కూకట్‌పల్లి ఆర్ మియాపూర్ అండ్ బాకీ ఉన్నవాళ్ళు అని బ్రాకెట్లు లేకుండా రాస్తే, ఎస్‌క్యూఎల్ ముందు ‘అండ్’ని కట్టేస్తుంది, తర్వాతే ‘ఆర్’ని చూస్తుంది. దాంతో మియాపూర్‌లో బాకీ ఉన్నవాళ్ళూ, కూకట్‌పల్లిలో బాకీ ఉన్నా లేకపోయినా మొత్తం జనమూ వచ్చేస్తారు. బాకీ లేనివాడికి రిమైండర్ మెసేజ్ వెళ్తే వాడు ఊరుకుంటాడా?

నాకు అర్థమైనంతవరకు మామూలు భాషలో ఒక పద్ధతి ఉంది. మనుషుల గుంపుల మధ్య అండ్ పెడితే గుంపు పెరుగుతుంది. లక్షణాల మధ్య పెడితే గుంపు తగ్గుతుంది. 2023 డిసెంబర్ 9న మన ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు ఇంగ్లీషులో విమెన్ అండ్ ట్రాన్స్‌జెండర్ పర్సన్స్ అన్నారు. ఆడవాళ్ళకీ ఉచితం, ట్రాన్స్‌జెండర్లకీ ఉచితం. రెండూ అయినవాళ్ళకే అని ఏ కండక్టరూ అనుకోలేదు. అదే ఉద్యోగ ప్రకటనలో ‘గ్రాడ్యుయేట్ అండ్ ఎక్స్‌పీరియెన్స్‌డ్’ అని ఉంటే, ఒకే మనిషిలో రెండూ ఉండాలి.


మూడో అంతస్తు (కూకట్‌పల్లి):

మరి నా నోటీసులో ఉన్నవి గుంపులా, లక్షణాలా? ‘మెంబర్స్ హూ’ అని ఉంది కాబట్టి లక్షణాలే కదా?


మాధాపూర్ టెస్టర్:

లక్షణాలే. కానీ ‘నాట్’ ఉంది కాబట్టి మళ్ళీ మాస్టారి దగ్గరికే వెళ్ళాలి. సారీ బ్రదర్.


నల్లకోటు (సిటీ సివిల్ కోర్టు దగ్గర):

ఇప్పుడే చూశాను. సరిగ్గా ఇలాంటి గొడవే అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది తెలుసా? పల్సిఫర్ కేసు. 2024 మార్చి 15న తీర్పు. అక్కడ ఓటు కాదు, ఏళ్ళకేళ్ళ జైలు శిక్ష.

అక్కడి డ్రగ్స్ కేసుల్లో కొన్ని నేరాలకి ఇంత కంటే తక్కువ శిక్ష వేయకూడదని చట్టమే గీత గీసింది. ఆ గీత దాటి జడ్జి శిక్ష తగ్గించాలంటే ముద్దాయి పాత చరిత్ర ఎలా ఉండాలో 2018లో తెచ్చిన సవరణలో రాశారు. ముద్దాయికి ఈ మూడూ ‘డజ్ నాట్ హావ్’ అన్నారు: ఒకటి, నాలుగుకి మించి క్రిమినల్ హిస్టరీ పాయింట్లు (పాత శిక్షల్ని బట్టి వేసే లెక్క). రెండు, మూడు పాయింట్ల పాత నేరం. ‘అండ్’ మూడు, రెండు పాయింట్ల హింసాత్మక నేరం. చిన్న పాయింట్ల వివరాలు వదిలేస్తున్నాను.

పల్సిఫర్‌కి మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు. ఆయన వాదన మన మూడో అంతస్తు గారి వాదనే: అండ్ అన్నారు కాబట్టి మూడూ కలిసి ఉన్నవాడికే రాయితీ పోతుంది, నాకు మూడోది లేదు. ప్రభుత్వం వాదన మీ సెక్రటరీ గారిది: ఏ ఒక్కటి ఉన్నా పోతుంది.

6–3తో ప్రభుత్వం గెలిచింది. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ కేగన్. ఆవిడ చెప్పిన దాంట్లో నాకు బాగా నచ్చింది వ్యాకరణం కాదు, కూడిక. వ్యాకరణం ప్రకారం రెండు రకాలుగానూ చదవొచ్చని ఒప్పుకుని, పల్సిఫర్ చెప్పినట్టే చదివితే ఏమవుతుందో చూడమన్నారు. రెండో షరతులో మూడు పాయింట్లు, మూడో షరతులో రెండు, మొత్తం ఐదు. ఆ రెండూ ఉన్నవాడికి ఎలాగూ నాలుగు దాటేస్తాయి. మరి మొదటి షరతు రాయడం దేనికి? చట్టంలో ఒక ముక్క ఊరికే పడి ఉండేలా చదవకూడదన్నది పాత సూత్రం. ఆ సూత్రం పల్సిఫర్‌ని ఓడించింది. విభేదించింది జస్టిస్ గోర్సచ్, ఆయనతో సోటోమేయర్, జాక్సన్. గోర్సచ్ సంప్రదాయవాది, మిగతా ఇద్దరూ ఉదారవాదులు, మామూలుగా ఆ ముగ్గురినీ ఒకే గూట్లో ఎవరూ లెక్కెయ్యరు. ఒక్క ‘అండ్’ వాళ్ళని కలిపింది.

మన దగ్గరా ఉంది. 1968లో ఈశ్వర్ సింగ్ బింద్రా కేసులో మన సుప్రీంకోర్టు డ్రగ్స్ చట్టంలో ‘డ్రగ్’ నిర్వచనం చూసింది. మందులు ‘అండ్’ చికిత్సలో వాడే పదార్థాలు అని అక్కడ ఉంది. రెండూ అయితేనే డ్రగ్ అంటే అర్థం లేదు కదా, అందుకని ఆ అండ్‌ని విడదీసి, ‘ఆర్’లా చదవాలన్నారు. చట్టం ఉద్దేశం కోసం అవసరమైతే అండ్‌ని ఆర్‌గా, ఆర్‌ని అండ్‌గా కోర్టులు చదువుతాయి. ఇష్టమొచ్చినట్టు కాదు, మామూలుగా చదివితే అర్థం చెడిపోయినప్పుడే.


గ్రూప్స్ గురి (అశోక్‌నగర్):

అయితే అన్న ఓడిపోయినట్టేనా సార్?


నల్లకోటు:

తొందరేంటి. పల్సిఫర్‌ని ముంచిన కూడిక ఇక్కడ లేదు. మెయింటెనెన్స్, పార్కింగ్ రెండూ దేనికది. ఏ రకంగా చదివినా ఏ ముక్కా దండగ కాదు. ఉద్దేశం చూద్దామా అంటే, బాకీ ఉన్నవాడికి ఓటు ఇవ్వొద్దనే కమిటీ ఉద్దేశం అని సెక్రటరీ అంటారు, అది నమ్మదగిందే. కానీ మసకగా రాసింది కమిటీ. రెండు అర్థాలు వచ్చేలా రాసినవాడికి వ్యతిరేకంగా చదవడం కాంట్రాక్టుల్లో మామూలు పద్ధతి. అందులోనూ ఒకరి హక్కు తీసేసే మాట అనుమానం లేకుండా ఉండాలి.

అసలు విషయం ఇంకోటుంది. ఓటు ఉందో లేదో తేల్చాల్సింది లిఫ్ట్ పక్కన నోటీసు కాదు. మీ సంఘం 2001 నాటి సొసైటీస్ రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటే దానికి బైలా, అంటే సంఘం నియమావళి, ఉంటుంది. బాకీదార్ల ఓటు గురించి అందులో ఏముందో ముందు చూడండి. అందులో లేని అనర్హతని నోటీసులో పుట్టిస్తే, అక్కడ పట్టుకోవాలి. అండ్ సంగతి ఆ తర్వాత.


మూడో అంతస్తు:

బైలా కాపీ అడిగాను సార్. “జిరాక్స్ తీయించి ఇస్తాం” అన్నారు.


ట్యాంక్‌బండ్ మీద కబుర్లు:

ఆ జిరాక్స్ ఎన్నికలైన మర్నాడు వస్తుంది.


తెలుగు పంతులమ్మ (నల్లకుంట):

అందరూ ఇంగ్లీషు వాక్యం మీదే పడ్డారు, కింద ఉన్న తెలుగుని ఎవరూ పట్టించుకోలేదు. సభ్యులు ఎక్కువమంది చదివేది అదే కదా.

ఇంగ్లీషు ఒక్క ‘అండ్’తో చేయించే పనిని తెలుగు చాలామందికి పంచింది. పేర్లు కలపాలంటే చివరి అచ్చు సాగదీస్తాం: అన్నా వదినా వచ్చారు. పాత రోజుల్లో రాముడును లక్ష్మణుడును అనేవారు, ఆ ‘ను’ అరిగిపోయి సాగదీత మిగిలింది. బాగా దగ్గరివైతే సమాసం చేసేస్తాం: తల్లిదండ్రులు, అన్నదమ్ములు. పనులు కలపాలంటే ‘ఇ’ చేర్చి ముందు పనిని రెండో పనికి కట్టేస్తాం: కం అండ్ సీ అంటే వచ్చి చూడు. వద్దనేటప్పుడు ‘గానీ’ ఉంది: తినడం గానీ తాగడం గానీ చెయ్యొద్దు.

ఇప్పుడు పైన వచ్చిన రెండు వాక్యాలనీ తెలుగులో అనండి. “తాగి నడపొద్దు.” “ఏమీ తినొద్దు, తాగొద్దు.” ఇంగ్లీషులో ఒకే అచ్చులో పోసిన రెండు మాటలు తెలుగులో పుట్టుకతోనే విడివిడిగా వచ్చాయి. తాగి నడపొద్దు అంటే తాగడమే మానెయ్యమన్నారని ఎవరూ అనుకోరు.

ఇక ‘మరియు’. పాత వచనాల్లో ‘మఱియు’ అంటే ఇంకా, అంతేకాక అని. ఒక సంగతి చెప్పి, మఱియు అంటూ ఇంకో సంగతి ఎత్తుకునేవారు. దాన్ని తెచ్చి రెండు నామవాచకాల మధ్య అండ్ ఉన్నచోటల్లా నిలబెట్టడం ఆఫీసు తెలుగు అలవాటు. ప్రశ్నపత్రాల్లోంచి పెళ్ళి శుభలేఖల్లోకి కూడా పాకింది. ఇంట్లో ఎవరైనా “ఉప్పు మరియు కారం తెండి” అంటారా?

అలవాటైంది, పోనీ అనుకోవచ్చు. నా అభ్యంతరం అందం గురించి కాదు. “అమ్మా నాన్నా లేని పిల్ల” అనండి. ఇద్దరూ లేరు, అనుమానమే లేదు. అచ్చు సాగదీసి ‘లేని’ అన్నామంటే ఏదీ లేదనే. “మెయింటెనెన్సూ పార్కింగ్ చార్జీలూ కట్టని సభ్యులు” అని రాసి ఉంటే తెలుగు ప్రకారం రెండూ ఎగ్గొట్టినవాళ్ళే అనర్హులు, మూడో అంతస్తు గారు దర్జాగా వెళ్ళి ఓటేసేవారు. మరియు వచ్చి ఆ స్పష్టత మింగేసింది.


చాదర్‌ఘాట్ చాయ్:

మేడమ్ చెప్పిన మఱియు సేమ్ మన ‘ఔర్’ లెక్క ఉంది. హోటల్ల “ఔర్ ఏక్ చాయ్” అంటే ఇంకో చాయ్. “చాయ్ ఔర్ బిస్కెట్” అంటే రెండూ. ఒక్కటే మాట, రెండు డ్యూటీలు.


మాధాపూర్ టెస్టర్:

పంతులమ్మ గారూ, చిన్న టెస్ట్ కేసు. కౌంటర్ దగ్గర క్లర్క్ “ఆధార్, పాన్ కార్డు తేనివాళ్ళు లైన్లోంచి బయటికి రండి” అని అరిచాడు. నా దగ్గర ఆధార్ ఉంది, పాన్ లేదు. నేను బయటికి రావాలా వద్దా? నాకైతే రావాలనే అనిపిస్తుంది. ఇది తెలుగే, మరియు కూడా లేదు. మరి స్పష్టత ఏది?


తెలుగు పంతులమ్మ (నల్లకుంట):

మంచి కేసు. రావాలి, నిజమే. కానీ చూడండి, ఆయన అచ్చు సాగదీయలేదు, పేర్లు వరసగా చదివాడంతే. “ఆధారూ పానూ తేనివాళ్ళు” అంటే నేను మాత్రం లైన్లోనే నిలబడతాను. తెలుగులో ఉన్న పరికరం వాడితే అనుమానం తీరుతుంది. వాడకుండా కామా పెట్టి వదిలేస్తే తెలుగూ ఇంగ్లీషంత అయోమయమే.


మాధాపూర్ టెస్టర్:

మీరు లైన్లో నిలబడితే క్లర్క్ మీతో వ్యాకరణం మాట్లాడడు మేడమ్ 🙂 రెండూ అవసరమని అందరికీ తెలుసు కాబట్టి అలా అర్థమవుతుంది. సాగదీసినా అక్కడ నేను బయటికే వస్తాను. మాటకంటే ముందు సందర్భం పని చేస్తోందని నా పాయింట్.


లెక్కల మాస్టారు (దిల్‌సుఖ్‌నగర్):

ఇద్దరూ చెప్పేది సరైనదే, నేను దూరను. టీటోటలర్ల జోకు కూడా సందర్భం మీదే నడిచింది కదా.


గ్రూప్స్ గురి (అశోక్‌నగర్):

టాపిక్ నుంచి కొంచెం పక్కకి. మూడో అంతస్తు అన్నా, నోటీసు చివర “ద సెక్రటరీ అండ్ ట్రెజరర్” అని ఉందన్నారు. ‘ద’ ఒక్కసారే ఉంటే రెండు పదవులూ ఒకే మనిషివి. అప్పుడు వెర్బ్ ‘హాజ్’. “ద సెక్రటరీ అండ్ ద ట్రెజరర్” అని రెండుసార్లు ఉంటే ఇద్దరు మనుషులు, వెర్బ్ ‘హావ్’. మాకు ఎర్రర్ స్పాటింగ్‌లో కచ్చితంగా కనిపించే బిట్ ఇది. బ్రెడ్ అండ్ బటర్ కలిపి తినే ఒకే టిఫిన్ అయితే ‘ఈజ్’ అన్నట్టే.


మూడో అంతస్తు:

నోటీసు కరెక్టే బ్రదర్. ట్రెజరర్ గారు ఫ్లాట్ అమ్మేసి వెళ్ళాక రెండూ ఈయనే చూస్తున్నారు. వ్యాకరణం ప్రకారం ఆ లైన్ ఒక్కటే తప్పు పట్టలేం.


ట్యాంక్‌బండ్ మీద కబుర్లు:

పక్కకి వెళ్ళాం కాబట్టి నాదీ ఒకటి. పేపర్లలో, టీవీల్లో, మన నోళ్ళలో అందరం “డ్రంక్ అండ్ డ్రైవ్” కేసు అంటాం. ఇంగ్లీషువాడు ‘డ్రింక్ అండ్ డ్రైవ్’ అనో ‘డ్రంకెన్ డ్రైవింగ్’ అనో అంటాడు. మనది సగం అటూ సగం ఇటూ. మోటార్ వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో అయితే అండ్ గొడవే లేదు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉండగా నడిపితే నేరం, అంతే. అయినా శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లో పైపు నోట్లో పెట్టినప్పుడు ఎవడికీ వ్యాకరణం గుర్తుకురాదు.


శేరిలింగంపల్లి సీతక్క:

సినిమా టైటిల్స్‌లో ‘&’ గుర్తుకీ ‘అండ్’ అనే మాటకీ తేడా ఉందని మా అబ్బాయి అంటాడు. నిజమేనా ఎవరైనా చెప్పండి.


నల్లకోటు:

హాలీవుడ్‌లో నిజమే. అక్కడి రైటర్స్ గిల్డ్ పద్ధతి ప్రకారం ఇద్దరి పేర్ల మధ్య ‘&’ ఉంటే వాళ్ళు జట్టుగా కూర్చుని రాశారని. ‘అండ్’ అని అక్షరాల్లో ఉంటే విడివిడిగా రాశారని, ఒకరు రాసింది ఇంకొకరు తిరగరాసి ఉండొచ్చు. ఆ గుర్తు లాటిన్ ‘ఎట్’ అనే మాటలోని రెండక్షరాలు కలిసిపోయి పుట్టింది, ఎట్ అంటే అక్కడ అండ్ అనే. మన సినిమాలకి అలాంటి రూలేమీ లేదు, పోస్టర్ మీద ఏది అందంగా ఉంటే అది.


మూడో అంతస్తు (కూకట్‌పల్లి):

అప్‌డేట్. ఇక్కడి పోస్టులు కొన్ని మా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పెద్ద రచ్చ అయింది. చివరికి సెక్రటరీ గారు “సరే, మీకు అండ్‌తోనే కదా ఇబ్బంది” అని పాత నోటీసు చింపేసి కొత్తది అంటించారు:

“మెంబర్స్ హూ హావ్ నాట్ పెయిడ్ మెయింటెనెన్స్ ఆర్ పార్కింగ్ చార్జెస్ షల్ నాట్ బి అలౌడ్ టు ఓట్.”

ఏ ఒక్కటి బాకీ ఉన్నా ఓటు లేదని ఇప్పుడు క్లియర్‌గా ఉందట.


లెక్కల మాస్టారు (దిల్‌సుఖ్‌నగర్):

అయ్యో రామా. ఇంకా మీవైపుకి తోశారు కదండీ!

‘ఏ ఆర్ బి’ కాదు అంటే ‘ఏ కాదు, బి కూడా కాదు’. “ఐ హావ్ నాట్ ఈటెన్ ఇడ్లీ ఆర్ దోశ” అని ఎవరైనా అంటే ఆయన ఏం తిన్నట్టు? ఏదీ తినలేదు. అలాగే హావ్ నాట్ పెయిడ్ దిస్ ఆర్ దట్ అంటే మామూలుగా ఎవరికైనా తోచే అర్థం రెండిట్లో ఏదీ కట్టలేదనే. పాత నోటీసులో మీ వాదనకి సగం బలం ఉండేది. ఆయన దయ వల్ల ఇప్పుడు ముప్పాతిక వచ్చింది.


నల్లకోటు:

😂 మాస్టారూ, అంతే. ‘ఆర్’ కూడా తక్కువది కాదు. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఓవర్‌టైమ్ ఇవ్వనక్కర్లేని పనుల జాబితా చట్టంలో ఉండేది. చివర “ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్” అని ఉంది, ఆర్ ముందు కామా లేదు. పాల కంపెనీ డ్రైవర్లు కోర్టుకెక్కారు: మినహాయింపు ప్యాకింగ్ పనికే, అది షిప్‌మెంట్ కోసమైనా డిస్ట్రిబ్యూషన్ కోసమైనా, మేము ప్యాకింగ్ చెయ్యం, పంచుతాం, కాబట్టి మాకు ఓవర్‌టైమ్ రావాలి అని. కంపెనీ ఏమో డిస్ట్రిబ్యూషన్ విడిగా ఇంకో పని అంది. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు మొగ్గింది. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. మీ సెక్రటరీ గారికి ఇది మాత్రం ఫార్వర్డ్ చెయ్యకండి, ఇంకో నోటీసు రాస్తారు.


శేరిలింగంపల్లి సీతక్క:

నవ్వడం అయింది కదా, పాపం ఆయన ఏం రాయాలో ఎవరైనా చెప్పండి. ఆయన చెప్పదలచుకున్నది తప్పేం కాదు, కమిటీ నడపాలంటే డబ్బులు రావాలి.


తెలుగు పంతులమ్మ (నల్లకుంట):

‘కట్టని’ తీసేసి ‘కట్టిన’ అని మొదలుపెట్టమనండి. “మెయింటెనెన్స్, పార్కింగ్ చార్జీలు రెండూ పూర్తిగా కట్టినవాళ్ళే ఓటు వేయాలి.” ‘రెండూ’ చివర సాగదీత, ‘వాళ్ళే’ చివర ఏత్వం, ఆ రెండు చాలు. చెల్లించుట, అనర్హులు ఏవీ అక్కర్లేదు.


లెక్కల మాస్టారు (దిల్‌సుఖ్‌నగర్):

ఇంగ్లీషులోనూ అదే మందు. “ఓన్లీ మెంబర్స్ హూ హావ్ పెయిడ్ బోత్ మెయింటెనెన్స్ అండ్ పార్కింగ్ చార్జెస్ మే ఓట్.” ‘నాట్’ లేదు కాబట్టి అండ్ మారువేషం వెయ్యలేదు. ‘బోత్’ దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. ఇక ‘కట్టనివాళ్ళు’ అనే రాయాలనుంటే “ఏ ఒక్కటి బాకీ ఉన్నా” అని విప్పి రాయాలి.


మాధాపూర్ టెస్టర్:

ఒక కేసు మిగిలింది. అసలు పార్కింగ్ చార్జీ వర్తించని సభ్యులు, అంటే పార్కింగ్ స్లాట్ లేనివాళ్ళు, మీ బిల్డింగ్‌లో ఉన్నారా? ఉంటే ‘రెండూ కట్టినవాళ్ళే’ అన్న మాటతో వాళ్ళ ఓటు కూడా పోతుంది. “తమకు వర్తించే చార్జీలన్నీ” అని రాయాలి.


మూడో అంతస్తు (కూకట్‌పల్లి):

ఉన్నారు, గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండు ఫ్లాట్లకి స్లాట్లే లేవు. అది కూడా చెప్పాను. ఈ సాయంత్రం మూడో నోటీసు వచ్చింది: తమకు వర్తించే అన్ని చార్జీలూ పూర్తిగా కట్టిన సభ్యులకే ఓటు. కింద ఇంగ్లీషులోనూ మాస్టారి వాక్యమే, ‘అప్లికబుల్’ చేర్చి. మరియు కూడా పోయింది.

దాంతో నా ఓటు కూడా పోయింది. నాకు స్లాట్ కేటాయించారట, నేను వాడట్లేదంతే, కాబట్టి వర్తిస్తుందట. బైలా జిరాక్స్ ఇంకా రాలేదు.


నల్లకోటు:

వాడని స్లాట్‌కి చార్జీ వసూలు చేయొచ్చా అన్నది వేరే ప్రశ్న. దానికి కొత్త థ్రెడ్ పెట్టండి. మీ సేల్ డీడ్‌లో పార్కింగ్ గురించి ఏం రాశారో ఆ పేరా ఉన్నదున్నట్టు టైప్ చెయ్యండి, అండ్‌లు, ఆర్‌లు ఏవీ వదలకుండా.